గంబో: ముందు వాళ్లు వండినట్టే

గంబో వండాలనుకుంటే ముందు ఒక పూట ఖాళీ చేసుకోండి. మొత్తం మీద మూడున్నర గంటల పని. అందులో ముప్పావు గంట పొయ్యి ముందు నుంచి కదలడానికి వీల్లేదు. ఆ సమయంలో కాలింగ్ బెల్ మోగితే ఇంట్లో ఇంకెవరైనా వెళ్లి తలుపు తీయాలి. కుక్కర్ మూడు కూతలు వేస్తే వంటైపోయే అలవాటున్న మనకి ఇది కష్టంగానే ఉంటుంది. ఆ కష్టం కోసమే ఈ వంటని ఈ పుస్తకంలోకి తెచ్చాను.

కొత్త పని నేర్చుకునేటప్పుడు మనలో చాలామంది, అది చేతికి రాకముందే, దాన్ని మనకి అలవాటైన దారిలోకి తిప్పేసుకుంటారు. వంటింట్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మన నోటికి నచ్చాలి కదా అంటూ మొదటిరోజే అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, దించేముందు చిటికెడు గరం మసాలా పడిపోతాయి. రుచిగానే ఉంటుంది, ఎందుకుండదు? కాకపోతే అది మనకి ముందే వచ్చిన కోడికూర. కొత్తగా నేర్చుకున్నదేమీ ఉండదు. అందుకని ఈ అధ్యాయానికి ఒకటే షరతు. మొదటిసారి గంబోని అది పుట్టిన చోట ఎలా వండుతారో అలాగే వండండి. మార్పులు రెండోసారికి అట్టిపెట్టుకోండి.

అది పుట్టిన చోటు అమెరికాలోని లూయిజియానా రాష్ట్రం, ముఖ్యంగా న్యూ ఆర్లీన్స్. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, 1718లో ఫ్రెంచివాళ్లు వేసిన రేవు పట్టణం. మరుసటి ఏడాదే పడమటి ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చిన ఓడలు లూయిజియానాకి వచ్చాయి. వరి పండించడం తెలిసిన మనుషుల్ని, వాళ్లతోపాటు విత్తనపు వడ్లని కూడా తెమ్మని ఆ ఓడలవాళ్లకి ఆదేశాలున్నాయి. అంటే అక్కడి అన్నం వెనక ఉన్న వ్యవసాయ జ్ఞానం ఆ మనుషులది.

మాంసం, రొయ్యలు, కూరగాయలు వేసి చాలాసేపు మరగనిచ్చి, అన్నంతో తినే చిక్కటి రసమే గంబో. పులుపు ఉండదు. దాని చిక్కదనం మూడు రకాలుగా వస్తుంది, మూడూ మూడు జాతుల దగ్గర్నుంచి వచ్చినవి. బెండకాయ ఆఫ్రికావాళ్లది. ససాఫ్రాస్ అనే చెట్టు ఆకుల్ని ఎండబెట్టి కొట్టిన 'ఫీలే' పొడి, అక్కడి ఆదివాసులైన చాక్టాలది. నూనెలో పిండిని వేయించి చేసే 'రూ' ఫ్రెంచివాళ్లది. వీళ్లు కోరి కలిసినవాళ్లు కారు. ఒకరు నేల పోగొట్టుకున్నవాళ్లు, ఒకరు సంకెళ్లతో వచ్చినవాళ్లు, ఇంకొకరు ఆ ఇద్దరి మీదా పెత్తనం చేసినవాళ్లు. పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పింది మాత్రం ఎక్కువగా నల్లజాతి స్త్రీలే. ఆ చేతుల్ని పక్కనపెట్టి గంబోని ఫ్రెంచి వంటల జాబితాలో రాసేవాళ్లంటే నాకు కోపం వస్తుంది.

20వ శతాబ్దంలో లక్షలాది నల్లజాతి కుటుంబాలు బతుకుతెరువు కోసం, జాతివివక్ష నుంచి తప్పించుకోవడం కోసం దక్షిణాది పల్లెలు వదిలాయి. లూయిజియానావాళ్లు చాలామంది హ్యూస్టన్, లాస్ ఏంజెలిస్, ఓక్లాండ్ చేరారు. గంబో వాళ్ల వెంటే వెళ్లింది. 1960ల్లో నల్లజాతివారి ఇంటి వంటలకి 'సోల్ ఫుడ్' అనే పేరు వాడుకలోకి వచ్చాక, వేయించిన కోడి, ఉడికించిన ఆకుకూరలు, మొక్కజొన్న రొట్టె ఉన్న వరసలో గంబో కూడా చేరింది.

న్యూ ఆర్లీన్స్‌లో ట్రెమే అనే పాత నల్లజాతి పేట ఉంది. ఆ పేటలో 1941 నుంచీ డూకీ చేజ్ అనే హోటల్ నడుస్తోంది. దాన్ని నిలబెట్టిన వంటావిడ లియా చేజ్, 1923లో పుట్టి 2019లో కన్నుమూసింది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటే నేరమైన రోజుల్లో, పౌరహక్కుల ఉద్యమకారులు ఆ హోటల్ మేడ మీద గదిలో కలుసుకుని ఆమె గంబో తింటూ ఉద్యమానికి పథకాలు వేసుకున్నారు. 2005లో కత్రినా తుఫానుకి హోటల్ నీట మునిగితే, ఎనభై దాటిన వయసులో మళ్లీ తెరిపించింది. బరాక్ ఒబామా అధ్యక్షుడు కాకముందు అక్కడికి వెళ్లి, ముందున్న గంబోలో కారం సాస్ కలపబోతే ఆమె గట్టిగా మందలించింది. రుచి చూడకుండా కలపడం ఏమిటని ఆమె బాధ. మనకి ఈ అధ్యాయమంతా కావలసింది ఆ మందలింపే.

ఇక సరుకులు. ఎనిమిది మందికి కొలతలు ఇస్తున్నాను, ఎందుకంటే ఇద్దరి కోసం గంబో పెట్టుకోవడం శ్రమ దండగ. చుట్టాల్నో పక్కింటివాళ్లనో పిలవండి. మైదా ఒక కప్పు, నూనె ఒక కప్పు. గోధుమపిండి వద్దు, అందులోని తవుడు ముందే మాడి చేదెక్కుతుంది. నూనె సన్‌ఫ్లవరో రైస్ బ్రానో చాలు. వెన్న వాడితే అందులో ఉన్న పాల పదార్థం మాడుతుంది. నెయ్యి మాడదు గానీ దాని వాసన మిగతా అన్నింటినీ అణగదొక్కేస్తుంది. పెద్ద ఉల్లిపాయలు రెండు, పచ్చ క్యాప్సికం రెండు, సెలరీ కాడలు మూడో నాలుగో. ఈ మూడింటినీ అక్కడ 'హోలీ ట్రినిటీ' అంటారు. సెలరీ ఇప్పుడు హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతోంది. దొరక్కపోతే మానేయండి, అంతేగాని కొత్తిమీర కాడలు వేసి అదీ ఇదీ ఒకటేనని సర్దుకోకండి.

వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు. ఎముకతో ఉన్న కోడి తొడ ముక్కలు ఒక కిలో. పొగబెట్టిన సాసేజ్ 400 గ్రాములు. లూయిజియానాలో దీనికి ఆండూయి అనే పంది మాంసం సాసేజ్ వాడతారు. మిసిసిపీ ఒడ్డున లాప్లాస్ అనే ఊరు దానికి పేరుపడింది. మన దగ్గర అది దొరకడం కష్టం, కానీ ఫ్రోజెన్ మాంసం అమ్మే చోట పొగబెట్టిన చికెన్ లేదా పోర్క్ సాసేజ్ దొరుకుతుంది. ప్యాకెట్ మీద 'స్మోక్డ్' అని ఉందో లేదో చూసి కొనండి. మెత్తగా, పాలిపోయినట్టుండే కాక్‌టెయిల్ సాసేజ్‌లు ఈ వంటకి పనికిరావు. ఆ పొగ వాసన లేకపోతే గంబోకి సగం రుచి తగ్గినట్టే, అందుకని స్మోక్డ్ ప్యాప్రికా పొడి కూడా ఒక చెంచా ఉంచుకోండి. ఎండబెట్టిన థైమ్ ఒక చెంచా, మిరియాల పొడి ఒక చెంచా, కారం అర చెంచా. అర చెంచా ఏం సరిపోతుంది అనిపిస్తుంది. ఈసారికి సరిపెట్టుకోండి.

వాళ్లు వేసే బే ఆకు, మన బిర్యానీ ఆకు ఒకటి కావు. మనది దాల్చినచెక్క జాతి చెట్టుది, అందుకే ఆ వాసన వస్తుంది. గంబోలో పడితే బిర్యానీ గుర్తొస్తుంది. అసలుది దొరికితే రెండు ఆకులు వేయండి, లేకపోతే మానేయండి.

అరకిలో రొయ్యలు తల, పెంకుతో సహా తెచ్చుకోండి. ఇక్కడ మనకీ లూయిజియానాకీ ఉన్న ఒక సంబంధం చెప్పాలి. భీమవరం, నెల్లూరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యలకి అతిపెద్ద మార్కెట్ అమెరికాయే. చవగ్గా వచ్చే దిగుమతి రొయ్యల వల్ల తమ వేట గిట్టుబాటు కావడం లేదని లూయిజియానా జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. దిగుమతి రొయ్యలు వండే హోటళ్లు ఆ సంగతి తినేవాళ్లకి తెలియజేయాలని ఆ రాష్ట్రంలో చట్టం కూడా ఉంది. మన రైతు బతుకూ వాళ్ల జాలరి బతుకూ ఒకే గిన్నెలో పడుతున్నాయి. హ్యూస్టన్, డాలస్‌లలో ఉన్న తెలుగువాళ్లు ఈ వంట చేస్తే అక్కడి గల్ఫ్ తీరపు రొయ్యలు కొనమంటాను. గంబోకి అసలు రుచి వాటిదే.

రొయ్యలు ఒలిచి ఫ్రిజ్‌లో పెట్టి, తలలు, పెంకులు పారేయకండి. మూడు లీటర్ల నీళ్లలో విడిగా తెచ్చుకున్న కోడి ఎముకలు, ఇంకో ఉల్లిపాయ వేసి ముప్పావు గంట మరగనిచ్చి, చివరి ఇరవై నిమిషాల్లో ఈ తలలు, పెంకులు వేసి వడకట్టండి. రెండున్నర లీటర్ల నీచు రసం మిగలాలి. ఇది ఒక పొయ్యి మీద అవుతుండగానే రెండో పొయ్యి మీద బాణలి పెట్టి సాసేజ్ బిళ్లల్ని, ఉప్పు, మిరియాలు పట్టించిన కోడి ముక్కల్ని విడివిడిగా ఎర్రగా వేయించి తీసేయండి. కూరగాయలన్నీ సన్నగా తరిగి, పెద్ద గిన్నెలో వేసి, పొయ్యికి చెయ్యి చాచితే అందేంత దగ్గర్లో పెట్టుకోండి. ఇవన్నీ అయ్యేదాకా రూ మొదలుపెట్టకండి.

ఇప్పుడు ఆ ముప్పావు గంట. దళసరి అడుగున్న వెడల్పాటి గిన్నె కావాలి, ఇనుముదైతే మరీ మంచిది. అంచు చదునుగా ఉన్న చెక్క అట్లకాడ కావాలి, అడుగునీ మూలల్నీ అది బాగా గీకుతుంది. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. కాగిన రూ చర్మానికి అంటుకుని వదలదు, బాగా కాలుస్తుంది. లూయిజియానా వంటవాళ్లు దాన్ని బాంబుల్లో వాడే నాపామ్ పేరుతో పిలిచేది అందుకే.

నూనె మధ్యస్థంగా కాగాక మైదాని కొద్దికొద్దిగా వేస్తూ ఉండలు కట్టకుండా కలపండి. తెల్లటి జారుముద్ద అవుతుంది, చిన్న బుడగలు వస్తుంటాయి. సెగ తగ్గించండి. ఇక్కడి నుంచి అట్లకాడ ఆగకూడదు. గుండ్రంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అంచు వెంబడి ఒకసారి. మొదటి కొన్ని నిమిషాలు పచ్చి పిండి వాసన తప్ప ఏమీ జరగదు. పది నిమిషాలకి లేత గోధుమరంగు వచ్చి, పల్లీలు వేగుతున్న వాసన మొదలవుతుంది. ఇరవై, పాతిక నిమిషాలకి పల్లీ ముద్ద రంగు. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. రంగు వచ్చింది కదా, చెయ్యి లాగుతోంది, ఇంకా ఎందుకు అనిపిస్తుంది. ఆపకండి. అరగంట దాటాక పాత రాగిబిళ్ల రంగులో కొంచెం ఎరుపు తిరుగుతుంది, ముద్ద పలచబడి జారుతుంది. సెగకి పిండిలోని గంజి పదార్థం విరిగిపోవడం వల్ల అలా జరుగుతుంది. అందుకే రూ ముదిరేకొద్దీ రసాన్ని చిక్కబరిచే గుణం తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. ఆ తగ్గిన చిక్కదనం పూడ్చడానికే బెండకాయ, ఫీలే. ఆ పైన ఇంకో పది నిమిషాలకి చాక్లెట్ రంగు. వాసన కాఫీ గింజలు వేయించే చోటికి దగ్గరగా వస్తుంది కానీ చేదు వాసన ఉండకూడదు.

ఈ చివరి పది నిమిషాల్లో రంగు చాలా తొందరగా మారుతుంది. అరిసెల పాకం పట్టినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గడియారం చూసి దించితే పాకం చెడుతుంది, పాకాన్నే చూస్తూ ఉండాలి. మీ పొయ్యి, మీ గిన్నె, మీ నూనె వేరు కాబట్టి నేను చెప్పిన నిమిషాలు అటూఇటూ అవుతాయి. కన్నునీ ముక్కునీ నమ్మండి. నల్ల చుక్కలు కనిపించినా, మాడు వాసన గుప్పున వచ్చినా పొయ్యి కట్టేసి, చల్లారాక పారేసి మళ్లీ మొదలుపెట్టండి. ఒక కప్పు మైదా, ఒక కప్పు నూనె పోతాయి, అంతే. మాడినదాని మీదే మిగతావి వేస్తే కిలో కోడి, అరకిలో రొయ్యలు, పిలిచినవాళ్ల ఆకలి అన్నీ పాడవుతాయి.

పాల్ ప్రుడోమ్ అనే పేరున్న లూయిజియానా షెఫ్, పొగలొచ్చేంత కాగిన నూనెలో కొద్ది నిమిషాల్లోనే రూ చేసే పద్ధతిని 1980ల్లో బాగా ప్రచారం చేశాడు. అది రోజూ చేసే చేతులకి సరిపడే పద్ధతి. మీకు మాత్రం నిదానంగా చేయడమే మేలు, ఎందుకంటే ప్రతి రంగు దగ్గరా ఆగి దాన్ని గుర్తుపట్టే అవకాశం ఉంటుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఒక్క పని మీద అంతసేపు మనసు నిలబెట్టడం చాలామందికి కష్టమైపోయింది. ధ్యానానికి కూర్చుంటే పది నిమిషాలకే లేచిపోయేవాళ్లు కూడా రూ ముందు నిలబడగలరు, ఎందుకంటే వదిలేస్తే ఏమవుతుందో కళ్లముందే కనిపిస్తుంది. మనసు కుదురుగా ఉండటం లేదని నన్ను అడిగేవాళ్లకి నేను ఈ వంట చెబుతుంటాను.

చాక్లెట్ రంగు రాగానే తరిగిన ఉల్లి, క్యాప్సికం, సెలరీ ఒక్కసారే వేయండి. మొహం పక్కకి పెట్టి వేయండి, ఆవిరి గట్టిగా లేస్తుంది. ఆ తడి తగిలితేనే రూ వేగడం ఆగుతుంది. కూరగాయల్ని దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే. పది నిమిషాలు మగ్గాక వెల్లుల్లి, పొడులు వేసి ఒక నిమిషం తిప్పి, గోరువెచ్చటి నీచు రసాన్ని గరిటెడు గరిటెడు పోస్తూ కలపండి. మొదట్లో విరిగినట్టు కనిపించినా పొంగు వచ్చేసరికి కలిసిపోతుంది. కోడి, సాసేజ్, ఆకు వేసి సన్న సెగ మీద గంటా పావు వదిలేయండి. ఈలోగా మీరు కూర్చోవచ్చు.

కాసేపటికి పైన నూనె తేలుతుంది. మన వంటలో నూనె తేలడం కూర అయిందనడానికి గుర్తు, చూసి సంతోషిస్తాం. ఇక్కడ అది గరిటెతో తీసేయాలి. గంబో పైన నూనె తెట్టు కట్టి ఉంటే పని సగంలో వదిలేసినట్టు.

బెండకాయలు పావుకిలో. బెండకాయ పులుసు పెట్టేముందు ముక్కల్ని వేయించి జిగురు తీయడం తెలుగిళ్లలో అందరికీ తెలిసిందే, న్యూ ఆర్లీన్స్‌లోనూ అదే చేస్తారు. చక్రాలుగా తరిగి, చెంచాడు నూనెలో జిగురు తీగలు సాగడం ఆగేదాకా విడిగా వేయించి, చివరి అరగంటలో గంబోలో వేయండి. ముక్క కరకరలాడేదాకా మాత్రం వేయించొద్దు, రసాన్ని చిక్కబరచాల్సింది మిగిలిన ఆ కాస్త జిగురే. ఉప్పు అప్పుడు చూడండి, సాసేజ్ తన ఉప్పంతా వదిలేశాక. రొయ్యలు అన్నింటికంటే ఆఖరున వేసి, నాలుగు నిమిషాలకి గులాబీ రంగు రాగానే పొయ్యి కట్టేయండి. కోసిన ఉల్లికాడలు చల్లండి.

ఫ్రిజ్‌లు లేని కాలంలో బెండ కాసే వేసవిలో బెండకాయ, చలికాలంలో ఫీలే వాడేవారు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఫీలే మసాలాల అరలోనే దొరుకుతుంది. వాడితే బెండకాయ మానేసి, పొయ్యి కట్టేశాక, తినేముందు గిన్నెలో చిటికెడు కలుపుకోండి. పొయ్యి మీద మరిగితే అది తీగలు సాగుతుంది.

వడ్డించే తీరు కూడా మార్చొద్దు. మన కంచంలో అన్నం ఎక్కువ, పైన కూర. గంబోలో రసం ఎక్కువ, మధ్యలో చిన్న అన్నం ముద్ద. సోనా మసూరి పొడిపొడిగా వండితే సరిపోతుంది. లూయిజియానా పల్లెల్లో ఉండే ఫ్రెంచి సంతతి కేజన్‌లు అన్నం బదులు, లేదా అన్నంతో పాటు, బంగాళాదుంప సలాడ్ వేసుకుంటారు. నాకు అన్నమే ఇష్టం.

శాకాహారులకి దారి లేదనుకోకండి. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులతో ముడిపడిన ఆకుకూరల గంబో ఒకటుంది. లియా చేజ్ పవిత్ర గురువారంనాడు దాన్ని మాంసంతో కలిపి వండేది, కానీ ఆకులతోనే చేసే ఇళ్లూ ఉన్నాయి. ఎన్ని రకాల ఆకులు వేస్తే ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులు దొరుకుతారని అక్కడివాళ్లు అంటారు. రకాల లెక్క బేసి సంఖ్యలో ఉండాలి. ఆవాకు, ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు, పాలకూర, క్యాబేజీ, ఉల్లికాడలు, క్యారెట్ ఆకు కలిపితే ఏడు. అన్నీ మెత్తగా ఉడికించి, రుబ్బి, రూలో కలపాలి. గోంగూర వేయాలని చెయ్యి లాగుతుంది. మొదటిసారి వద్దు.

మర్నాటికి గంబో ఇంకా బాగుంటుంది, అందుకని ముందురోజు సాయంత్రమే వండిపెట్టుకునేవాళ్లు చాలామంది. అలాగైతే రొయ్యలు ఆ రోజు వేయకండి, రెండోసారి వేడిచేస్తే రబ్బరులా సాగుతాయి. మన ఎండల్లో గిన్నె రాత్రంతా గట్టు మీద ఉంచడం ప్రమాదం. చిన్న గిన్నెల్లోకి తీసి, చల్లార్చి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. రూ ఒక్కటే ఎక్కువ చేసి సీసాలో పెట్టుకున్నా ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటుంది. అప్పుడు రెండోసారి వంటలో ఆ ముప్పావు గంట కలిసొస్తుంది.

ఆ రెండోసారికి మీ మార్పులు మొదలుపెట్టండి, ఒకసారికి ఒకటే. గోదావరి జిల్లాలవాళ్లు పీతలతో మొదలుపెట్టవచ్చు. లూయిజియానాలోనూ గంబోలో పీతలు వేస్తారు, సగానికి కోసి డిప్పతో సహా మరగనివ్వండి. తెలంగాణవాళ్లు నాటుకోడి వేస్తే ఇంకో గంటైనా ఎక్కువ ఉడకాలి, నీచు రసం మరో అర లీటరు ఉంచుకోవాలి. కారం ఒక చెంచాకి పెంచితే థైమ్ కూడా కొద్దిగా పెంచండి, లేకపోతే దాని వాసన తేలిపోతుంది. గోంగూర వేయదలిస్తే గుప్పెడు చాలు, ఆకుకూరల గంబోలో, మిగతా ఆకులన్నీ ఉడికిపోయాక.